అమ్మ పళ్ళ కోసం హైదరాబాదుకు మూడు ప్రయాణాలు

మా అమ్మకు 62 ఏళ్ళు. కింది దవడలో కుడివైపు ఒక పెద్ద దవడ పన్ను, పై దవడలో ఎడమవైపు మరొకటి వేర్వేరు కాలాల్లో తీయించవలసి రావడంతో ఏ వైపు నమిలినా ఆమెకు ఇబ్బందిగానే ఉండేది. దానికి తోడు, కుడివైపు ఖాళీకి ముందున్న పన్నుకు సూర్యాపేటలోనే రూట్ కెనాల్ చేయించి, క్యాప్ వేయించకుండా నాలుగు నెలలు అశ్రద్ధ చేశాం. ఒకరోజు జొన్నరొట్టె తింటుండగా ఆ పన్ను అంచు విరిగింది. రూట్ కెనాల్ కోసం లోపల తొలిచిన పన్నులో మిగిలిన గోడలు పలచగా ఉంటాయనీ, నమిలే ఒత్తిడికి నిలువునా చీలితే ఇక తీసేయడమే గతి అనీ, అందుకే పైన తొడుగు కావాలనీ మా ఊరి డాక్టరు చెప్పిన తరువాత హైదరాబాదుకు బయలుదేరాం. నెల రోజుల వ్యవధిలో మూడుసార్లు వెళ్ళి వచ్చిన ఆ అనుభవాన్ని, దూరం నుంచి ఇదే పని మీద వెళ్ళేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే మహాలక్ష్మి పథకం కింద అమ్మకు ప్రయాణం ఉచితం. విజయవాడ రహదారి మీదుగా వచ్చే బస్సులు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటాకే ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) చేరతాయి కనుక, మావైపు వారు బస ఆ దారిలోనే చూసుకోవడం మేలు. ఈ సంగతి నాకు మొదటిసారి తట్టక కాచిగూడ స్టేషను దగ్గర ఒక లాడ్జిలో 900 రూపాయలకు గది తీసుకున్నాను. లిఫ్టు లేని రెండో అంతస్తు, పొద్దున వేడినీళ్ళు లేవు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ఆ మెట్లు ఎక్కుతుంటే, మిగిలే కాస్త డబ్బు కోసం ఆమెను ఇంత కష్టపెట్టానే అని బాధపడ్డాను.

మొదటి ప్రయాణంలో మూడు చోట్ల చూపించాం. మొదటిది పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపులతో ఉన్న ఒక క్లినిక్. అక్కడ ఎక్స్‌రే తీయకుండానే, అయిదు నిమిషాలైనా చూడకుండానే, రెండు ఖాళీలకూ బ్రిడ్జీలు వేయాలని, మొత్తం ఆరు యూనిట్లని, మూడో రోజుకు సిద్ధమవుతాయని చెప్పి సగం డబ్బు అడ్వాన్సుగా కట్టమన్నారు. రెండు పళ్ళు లేకపోతే ఆరు యూనిట్లు ఎందుకని అడిగితే బ్రిడ్జి అంటే అంతేనన్నారు. లెక్క తప్పు కాదు, కానీ ఆ లెక్కలో ఏముందో చెప్పకపోవడం తప్పు. ఆలోచించుకుంటామని బయటికి వచ్చాం.

మరునాడు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళాం. ఓపీ చీటీ, పరీక్ష, ఎక్స్‌రే అయిన తరువాత అక్కడి పీజీ విద్యార్థిని ఒకరు చీటీ వెనుక బొమ్మ గీసి మరీ చెప్పారు. లేని పన్నుకు అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళనూ చుట్టూ అరగదీసి, వాటి మీద రెండు తొడుగులు, వాటి మధ్య ఆ తొడుగులనే ఆధారం చేసుకుని నిలిచే ఒక కృత్రిమ దంతం, ఈ మూడింటినీ ఒకే ముక్కగా తయారుచేసి సిమెంటుతో అతికించడమే బ్రిడ్జి. ఈ మూడింటిలో ఒక్కోటి ఒక యూనిట్, అందుకే రెండు ఖాళీలకు ఆరు. అంటే ఒక పన్ను కోసం రెండు పళ్ళు తమ పైపొరను వదులుకోవాలి. కిందివైపు ఆ రెండు పళ్ళలో ఒకటి రూట్ కెనాల్ అయినది, రెండోదానిలో పాత వెండి ఫిల్లింగు కింద మళ్ళీ పుచ్చు మొదలైంది. ఎలాగూ రెండింటికీ తొడుగులు వేయవలసిందే కనుక అక్కడ బ్రిడ్జి సరైనదే. పైవైపు పక్క పళ్ళు రెండూ పుచ్చు గానీ ఫిల్లింగు గానీ లేని గట్టి పళ్ళు. “ఎనామెల్ ఒకసారి తీస్తే మళ్ళీ పెరగదమ్మా, మంచి పళ్ళను ఎందుకు అరగదీయడం?” అని ఆమె అడిగిన మాట మా అమ్మ మనసులో నాటుకుపోయింది. అక్కడ ఇంప్లాంటు (దవడ ఎముకలో బిగించే కృత్రిమ దంతం) గానీ, తీసి పెట్టుకునే పన్ను గానీ మేలనీ, వెంటనే కుదరకపోయినా ఏళ్ళ తరబడి వదిలేస్తే ఎదురుగా ఉన్న పన్ను మెల్లగా ఆ ఖాళీలోకి జరుగుతుందనీ వివరించారు. ఒకే నోటిలో రెండు ఖాళీలకు రెండు వేర్వేరు జవాబులు ఉంటాయని మాకు అర్థమైంది అక్కడే.

ఖర్చు కూడా అక్కడ బాగా తక్కువ. అయితే అది బోధనాసుపత్రి, విద్యార్థి చేసే ఒక్కో దశనూ అధ్యాపకులు చూసి సరేనన్న తరువాతే తరువాతి దశ జరుగుతుంది కనుక నాలుగైదు సార్లు రావలసి ఉంటుందని ఆమె ముందే చెప్పారు. నగరంలో ఉండేవారికి, అక్కడ బంధువుల ఇల్లు ఉన్నవారికి నేను నిస్సందేహంగా ఆ ఆసుపత్రినే సూచిస్తాను. అమ్మ మోకాళ్ళతో మాకు అన్ని ప్రయాణాలు కుదరవు కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ దగ్గర, కృత్రిమ దంతాల విభాగంలోనే పీజీ (ఎండీఎస్) చేసిన డాక్టరు నడిపే చిన్న క్లినిక్‌కు వెళ్ళాం. ఆయన ఎక్స్‌రే చూసి సరిగ్గా అదే మాట చెప్పడంతో ధైర్యం వచ్చింది.

ఏ రకం వేయించాలన్నది తేల్చింది అమ్మ చెవికమ్మలు. లోహం మీద పింగాణీ పోసిన రకం యూనిట్‌కు 4,500, లోహం లేకుండా తెల్లగా ఉండే జిర్కోనియా రకం 9,000 అని చెప్పి, “గిల్టు నగలు పెట్టుకుంటే దురద వస్తుందా అమ్మా?” అని డాక్టరు అడిగారు. అమ్మకు గిల్టు కమ్మలు పెడితే రెండు రోజుల్లో చెవులు పుండ్లు పడతాయి. చవక రకాల లోపలి లోహంలో తరచుగా నికెల్ ఉంటుందనీ, అది పడనివారికి జిర్కోనియా మంచిదనీ ఆయన చెప్పారు. మూడు యూనిట్లకు 27,000 రూపాయలు మాకు చిన్న మొత్తం కాదు, అయినా ఒప్పుకున్నాం.

రెండో ప్రయాణంలో దిల్‌సుఖ్‌నగర్‌లోనే, క్లినిక్‌కు అయిదు నిమిషాల నడకలో, లిఫ్టు ఉన్న లాడ్జిలో 1,500కు దిగాం. కింద టిఫిన్ సెంటరు ఉండడం ఎంత మేలయిందో మత్తు దిగిన సాయంత్రం తెలిసింది. వేడివేడి ఇడ్లీ తప్ప అమ్మ ఏమీ తినలేకపోయింది. పళ్ళు అరగదీయడానికి దాదాపు గంట పట్టింది. కొలతలు తీశాక రంగు చూసే ముందు డాక్టరు కుర్చీ మీది దీపం ఆర్పి, అమ్మను కిటికీ దగ్గరికి రమ్మని, రంగుల పళ్ళ వరుసలోంచి ఒక్కో నమూనా పన్నునూ ఆమె పంటి పక్కన పెట్టి చూశారు. మా నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు నీళ్ళతో అమ్మ పళ్ళ మీద చిన్ననాటి నుంచీ గోధుమరంగు చారలున్నాయి. “మరీ తెల్లగ వద్దు బిడ్డా, నా పండ్ల తీరే ఉండాలె” అంది అమ్మ. ఆయన ఆ చారల బొమ్మ కూడా గీసి ల్యాబుకు పంపారు.

తాత్కాలిక ప్లాస్టిక్ తొడుగుతో ఇంటికి వచ్చిన అయిదో రోజున సకినం కొరికినప్పుడు అది ఊడింది. ఫోను చేస్తే, ఇంట్లో ఉన్న జిగురుతో అంటించవద్దనీ, అరగదీసిన పళ్ళను అలాగే వదిలేస్తే జివ్వుమనడమే కాక కాస్త జరిగి బ్రిడ్జి కూర్చోకపోవచ్చనీ చెప్పారు. సూర్యాపేట డాక్టరు 200 రూపాయలు తీసుకుని పది నిమిషాల్లో మళ్ళీ అతికించారు. వెళ్ళే ముందే సొంత ఊళ్ళో ఇలాంటి సాయం చేసే డాక్టరును చూసిపెట్టుకోవాలి.

మూడో ప్రయాణంలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చే సేవ చూశాను. సిమెంటు పెట్టకముందు బ్రిడ్జిని ఊరికే కూర్చోబెట్టి, పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి కొరకమన్నారు. ఒక మూల నీలం ముద్ర దట్టంగా పడింది, అక్కడ అరగదీశారు. మళ్ళీ కాగితం, మళ్ళీ అరగదీత, అలా నాలుగుసార్లు. “ఇప్పుడు రెండు దిక్కుల సమంగ తాకుతుంది” అని అమ్మ అన్న తరువాతే, అంచులు సరిగ్గా మూసుకున్నాయో లేదో ఎక్స్‌రేలో చూసి అతికించారు. బయట ఎంతమంది వేచి ఉన్నా ఆయన తొందరపడలేదు.

మూడు దంతాలు కలిసి ఉన్నందున వాటి మధ్యకు పైనుంచి పళ్ళ సందులు శుభ్రం చేసే దారం దిగదనీ, మధ్య దంతం కింద ఇరుక్కునే అన్నాన్ని సన్నని బ్రష్షుతో పక్కనుంచి తీయకపోతే తొడుగుల అంచుల దగ్గర పుచ్చు పడుతుందనీ చెప్పి, అద్దం ఇచ్చి అమ్మ చేతే రెండుసార్లు చేయించారు. ఆ బ్రష్షులు సూర్యాపేటలో దొరుకుతాయో లేదోనని కింద మందుల షాపులో ఆరు కొనుక్కుని, సాయంత్రం బస్సు ఎక్కాం. పైవైపు ఖాళీ సంగతి ఆరు నెలల తరువాతి పరీక్షలో తేల్చుకుంటాం.