లోయర్ కాఫ్ క్రీక్: జలపాతం కన్నా దారే ఎక్కువ నచ్చింది

అమెరికాలో వేగాస్‌లో కారు తీసుకుని జయాన్, బ్రైస్ నేషనల్ పార్కులు చూసేసి ఆర్చెస్ పార్కు వైపు పరుగెత్తే మనవాళ్లు చాలామంది. ఆ మధ్యలోనే, యూటా రాష్ట్రంలో 12వ నంబరు రోడ్డు పక్కన ఉంటుంది లోయర్ కాఫ్ క్రీక్. జలపాతం ఎత్తు 126 అడుగులు. మాకు మాత్రం అక్కడిదాకా వాగు వెంట నడిచిన లోయ ఇంకా నచ్చింది.

రానూపోనూ 6 మైళ్ల పైచిలుకు. ఎక్కుడు పెద్దగా లేదు. అలాగని తేలిగ్గా తీసుకోకండి, దారిలో చాలాచోట్ల ఇసుక. అడుగు వేస్తే కాలు దిగబడుతుంది. మొదటి సగంలో నీడ కూడా తక్కువ. పొద్దున్నే బయల్దేరితే నయం. పార్కింగ్ చిన్నది, వారాంతాల్లో త్వరగా నిండిపోతుంది.

పూర్వం ఇక్కడ స్థిరపడ్డవాళ్లు పాలు మాన్పించిన దూడలను ఈ లోయలో వదిలేవారట. రెండు వైపులా నిలువు గోడలు, ఇక వేరే దొడ్డెందుకు? కాఫ్ క్రీక్ (దూడల వాగు) అన్న పేరు అందుకే. ఎదురు గోడ మీద ఫ్రీమాంట్ ప్రజలు (పూర్వం ఈ ప్రాంతంలో ఉన్న ఆదివాసులు) ఎర్ర రంగుతో వేసిన మూడు పెద్ద మనిషి బొమ్మలున్నాయి. పైన రాతి సందుల్లో వాళ్లు గింజలు దాచుకున్న చిన్న గాదెలూ కనిపిస్తాయి. దూరం ఎక్కువ కాబట్టి బైనాక్యులర్స్ పట్టుకెళ్లండి, లేకపోతే సగం మిస్సవుతారు. కింద బీవర్లు (వాగుల్లో కొమ్మలతో కట్టలు కట్టే జంతువులు) కట్టిన అడ్డుకట్టల వెనక నీళ్లు నిలిచి మడుగులయ్యాయి. అద్దంలాంటి ఆ నీళ్లలో ట్రౌట్ చేపలు ప్రవాహానికి ఎదురుగా కదలకుండా నిలబడి ఉంటాయి. పిల్లలను అక్కణ్ణుంచి కదిలించడం మా వల్ల కాలేదు.

చివర్లో లోయ ఇరుకై, చెట్లు దగ్గరపడి, ఒక్కసారిగా చల్లబడుతుంది. జలపాతం వెనక రాతి మీద పచ్చ, నారింజ చారలు. మడుగులో దిగొచ్చు గానీ మండు వేసవిలోనూ నీళ్లు వణికిస్తాయి. మోకాళ్ల దాకా దిగి ఫొటో తీసుకుని వచ్చేసేవాళ్లే ఎక్కువ. అందులో నేనూ ఉన్నాను.

బస విషయానికొస్తే, బ్రైస్ గేటు దగ్గర హోటళ్లు ఎక్కువే గానీ, అక్కణ్ణుంచి గంటకు పైగా డ్రైవ్. 15 మైళ్ల దూరంలోని ఎస్కలాంటే ఊళ్లో దిగడమే మేలు. మోటెల్ గది సాదాసీదాగా ఉంది, శుభ్రంగా ఉంది, అంతకుమించి ఆశించక్కర్లేదు. శాకాహారులకు పిజ్జా తప్ప పెద్దగా దిక్కులేదు. మేం రైస్ కుక్కర్, పులిహోర పేస్టు వెంట తీసుకెళ్లి బతికిపోయాం. టెంటు ఉంటే ట్రైల్ మొదట్లోనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది. ఉన్నవి డజను పైచిలుకు చోట్లే, ముందొచ్చినవాళ్లకే.

అక్టోబరులో కాటన్‌వుడ్ చెట్లు పసుపెక్కుతాయి, వీలైతే అప్పుడు వెళ్లండి. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు వినిపిస్తే వాగు దగ్గర ఉండొద్దు. ఒక్క పూటే ఉంటే, అదే వాగు ఎగువనున్న అప్పర్ ఫాల్స్ వదిలేసి దీనికే వెళ్లండి.