శాటిలైట్ ఇంటర్నెట్: లిమిట్ దాటాక వచ్చే స్పీడే అసలు స్పీడ్

ములుగు జిల్లా తాడ్వాయి అడవిని ఆనుకుని ఉన్న మా ఊళ్లో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. ఫైబర్ కేబుల్ ఇక్కడిదాకా రాలేదు, సెల్ సిగ్నల్ కావాలంటే డాబా ఎక్కాలి. అందుకే కొన్నేళ్లుగా శాటిలైట్ కనెక్షనే దిక్కు. కంపెనీ పేరు వద్దు, ప్లాన్ సంగతి చెప్తాను: 10 ఎంబీపీఎస్ స్పీడ్, నెలకు 50 జీబీ, అది దాటితే 512 కేబీపీఎస్.

తీసుకునేవాళ్లు ఆ 10 చూసి సంతోషపడతారు. చూడాల్సింది మిగతా రెండు అంకెలు. ఫుల్ స్పీడులో ఆపకుండా వాడితే 50 జీబీ 11 గంటల్లో ఖతం. తర్వాత వచ్చే 512 కేబీపీఎస్ అంటే, ఎనిమిది బిట్లకు ఒక బైట్ లెక్కన, సెకనుకు 64 కేబీ. 5 ఎంబీ పీడీఎఫ్ దిగాలన్నా నిమిషం పైనే పడుతుంది.

డిగ్రీ కాలేజీల దోస్త్ అడ్మిషన్లప్పుడు ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టడానికి కూర్చుంది. ఆఖరి తేదీ. కాలేజీల లిస్టు సగం వచ్చి ఆగింది, సెషన్ పోయింది, మళ్లీ లాగిన్. "అన్నా, ఇయ్యాల అయితదా?" అని ఆయన అడుగుతుంటే నాకు చెమటలు పట్టాయి. టాప్-అప్ వేసి పూర్తి చేశాను. డేటా అయిపోవస్తోందని ముందే మెసేజ్ రావాలి కదా, నాకు మొత్తం అయిపోయాక వచ్చింది. ఈ విషయంలో కంపెనీ మీద నాకు ఇప్పటికీ కోపమే.

అలాగని స్లో అయిన ప్రతిసారీ లిమిట్టే కారణం కాదు. మా కనెక్షన్‌కు ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. సిగ్నల్ పోయి రావడానికే అర సెకను దాకా పడుతుంది కాబట్టి వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది. ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా ఇది పోదు. వాన సంగతి వేరు. 2023 జులైలో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంత అక్కర్లేదు, కుండపోతగా ఒక గంట పడినా మా డిష్ వాడే కేయూ బ్యాండ్ (ఒక రకం రేడియో తరంగాలు) లింకు తెగుతుంది, తెరిపిస్తే వస్తుంది. రాత్రి ఏడు నుంచి పది దాకా నత్తనడక నడిచి అర్ధరాత్రికి బాగుపడితే అది రద్దీ. ఉపగ్రహం నేల మీదికి పంపే ఒక్కో సిగ్నల్ పుంజం, అంటే బీమ్, కింద ఎన్నో మండలాలు ఉంటాయి, అందరూ దాన్నే పంచుకోవాలి. లిమిట్ దాటితే మాత్రం పగలూ రాత్రీ ఒకటే, స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా అదే అర ఎంబీపీఎస్. ఆ టెస్టులు కూడా డేటా తింటాయి, ఊరికే చేయకండి.

విండోస్‌లో మీటర్డ్ కనెక్షన్ (డేటాకు లిమిట్ ఉందని కంప్యూటర్‌కు చెప్పే సెట్టింగ్) ఆన్ చేశాక అప్‌డేట్ల బెడద చాలావరకు తగ్గింది. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేశాను. వైఫై పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వను, ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేయడం మొదలుపెడితే నా రోజంతా పోతుంది.

మొత్తానికి ఐదుకు మూడు ఇస్తాను. ఇది లేకపోతే మా ఊరివాళ్లు ప్రతి సర్టిఫికెట్‌కూ ములుగు బస్సెక్కాలి, ఆ మేలు చిన్నది కాదు. హనుమకొండలోనో వరంగల్‌లోనో ఉండి, ఇంటి ముందే ఫైబర్ ఉన్నవాళ్లకు ఇది అస్సలు వద్దు. మాలాంటి ఊళ్లవాళ్లు మాత్రం లిమిట్ దాటాక స్పీడెంత, టాప్-అప్ జీబీకి ఎంత, మిగిలిన డేటా వచ్చే నెలకు కలుస్తుందా అన్నవి కంపెనీతో రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.