1797 కార్ట్‌వీల్ పెన్నీ కొంటున్నారా, "ఎంఎస్ 64 ఖాయం" అన్నవాడిని నమ్మి నేను మునిగాను, మీరు మునగకండి

జాగ్రత్త ఫ్రెండ్స్. బ్రిటిష్ పాత రాగి నాణేలు, అందులోనూ స్లాబ్‌లో (కండిషన్ చూసి నంబర్ ఇచ్చే గ్రేడింగ్ కంపెనీ నాణేన్ని పెట్టి సీల్ చేసే ప్లాస్టిక్ డబ్బా) లేకుండా విడిగా అమ్మేవి, "గ్రేడింగ్‌కి పంపితే 64 వస్తుంది" అన్న మాట మీద కొనబోయేవాళ్ళు ఇది చదివాకే డబ్బు కట్టండి. నాకైతే 240 పౌండ్లు, దాని మీద గ్రేడింగ్ ఫీజు, పోస్టేజ్, ఇన్సూరెన్స్, అంతా బొక్క.

నేనుండేది బర్మింగ్‌హామ్‌లో. ఇక్కడ హ్యాండ్స్‌వర్త్‌లో మాథ్యూ బౌల్టన్ ఉన్న ఇల్లు, సోహో హౌస్, ఇప్పుడు మ్యూజియం, ఒకసారి ఆఫీసు వాళ్ళతో వెళ్ళొచ్చాక పట్టుకుంది ఈ పిచ్చి. ఆయన సోహో మింట్‌లో ఆవిరి యంత్రాలతో కొట్టించిన 1797 పెన్నీ చేతిలో పెట్టుకుంటే ఆ బరువుకే పడిపోతాం, ఔన్స్ రాగి, అంటే 28 గ్రాముల పైమాటే, 36 మిల్లీమీటర్ల వెడల్పు, ఎద్దుల బండి చక్రానికి ఇనప పట్టా వేసినట్టు చుట్టూ మందపాటి అంచు, అక్షరాలేమో ఆ అంచులోకి దిగి ఉంటాయి. అరిగిపోయినవి చవగ్గానే దొరుకుతాయి. రేటంతా కండిషన్‌లోనే ఉంది, మోసం కూడా అక్కడే.

నేను కొన్న సెల్లర్ లిస్టింగ్‌లో "జీఈఎఫ్, బహుశా ఎంఎస్ 64 ఆర్‌బీ" అని రాశాడు. కొత్తవాళ్ళ కోసం, పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి కంపెనీలు 1 నుంచి 70 వరకు నంబర్ ఇస్తాయి, 60 నుంచి పైన ఎంఎస్, అంటే చేతులు మారి అరగని నాణెం. రాగికి పక్కన రంగు కూడా రాస్తారు, మింట్ నుంచి వచ్చిన ఎరుపు 95 శాతానికి తగ్గకుండా ఉంటే ఆర్‌డీ, 5 శాతం కూడా లేకపోతే బీఎన్, మధ్యలోది ఆర్‌బీ. ఇక జీఈఎఫ్ (గుడ్ ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్) ఇక్కడి బ్రిటిష్ లెక్క, దాని ప్రకారం ఎంతో కొంత అరుగుదల ఉన్నట్టే, మరి ఎంఎస్ అంటే అసలు లేనట్టు, రెండూ ఒకే లైన్లో ఎలా రాశాడని అప్పుడే అడగాల్సింది. కాకపోతే జీఈఎఫ్ అని కొన్నవాటికి స్లాబ్‌లో ఎంఎస్ పడటం చూస్తూనే ఉంటాం కదా, ఆ ఆశే నన్ను ముంచింది.

ఫోటోలు ముగ్గురు కలెక్టర్ ఫ్రెండ్స్‌కి పంపి గ్రేడ్ గెస్ చేయమన్నా, ఒకడు 63, ఒకడు 64, ఇంకొకడు ఏకంగా 65. నాణెం వచ్చిన రోజు వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే "పూజ చెంబులా మెరుస్తోంది, ఎవరో చింతపండు పెట్టి తోమినట్టున్నార్రా" అంది. అమ్మా అది ఒరిజినల్ రెడ్, నీకు తెలీదులే అని ఐదు నిమిషాలు లెక్చర్ ఇచ్చా.

రెండు నెలల పైన ఆగాక రిజల్ట్ వచ్చింది, "ఏయూ డీటెయిల్స్, క్లీన్డ్", అంటే కాస్తే అరిగింది కానీ ఎవరో తోమేశారు, అందుకే నంబర్ లేదు, రంగు లేదు. నలుగురిలో కరెక్ట్‌గా గెస్ చేసింది అమ్మ ఒక్కతే.

అప్పుడు టేబుల్ ల్యాంప్ కింద పెట్టి నిజంగా చూశా. అసలు ఎరుపు ముందు ఎక్కడ పోతుందంటే వేళ్ళు తగిలే చోట, ముందువైపు రాజు జార్జి చెంప మీద, వెనకవైపు కూర్చున్న బ్రిటానియా అనే స్త్రీ బొమ్మ మోకాలి మీద, బొమ్మ లేని ఖాళీ జాగాలో, మిగిలేదేమో అక్షరాల చుట్టూ, సందుల్లో. నా దాంట్లో సీను రివర్స్, జార్జి గారి చెంప ఇటుక రంగులో తళతళలాడుతోంది, అంచులోకి దిగిన అక్షరాల లోపల మాత్రం నల్లటి మట్టు గడ్డకట్టి ఉంది. చెంబు తోమినప్పుడు నగిషీ సందుల్లో నలుపు మిగిలిపోదూ, అచ్చం అదే. నాణేన్ని మెల్లగా తిప్పితే వెలుగు చక్రం ఆకుల్లా తిరగాలి (దీన్నీ కార్ట్‌వీల్ అనే అంటారు, పెన్నీ పేరుతో కన్ఫ్యూజ్ అవ్వకండి), నాది ఎటు తిప్పినా ఒకే మెరుపు, పైగా స్టీల్ కంచం మీద స్క్రబ్బర్ గీతల్లా సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకి. ఇవేవీ ఫోటోలో కనపడవు, సెల్లర్ లైటు ఎదురుగా పెట్టి, రంగు కాస్త పెంచి తీస్తే 58కీ 64కీ తేడా దేవుడు కూడా చెప్పలేడు.

సెల్లర్‌కి మెసేజ్ పెడితే "బహుశా అని రాశాను కదా, నా అభిప్రాయం నాది, వాళ్ళది వాళ్ళది" అన్నాడు. ఇక్కడ వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే మామూలుగా 14 రోజుల్లో కారణం చెప్పకుండానే వెనక్కి ఇవ్వొచ్చు, కానీ గ్రేడింగ్‌కి నెలలు పడుతుంది, అది వచ్చేసరికి గడువు ఎప్పుడో అయిపోయింది. ప్రైవేట్‌గా అమ్మేవాడైతే ఆ 14 రోజులూ ఉండవు. కాబట్టి ముందే ల్యాంప్ కింద అటూ ఇటూ వంచుతూ వీడియో పంపమనండి, "డీటెయిల్స్ వస్తే వెనక్కి తీసుకుంటా" అని మెసేజ్‌లో రాసిమ్మనండి, రాయనన్నాడంటే వాడికే నమ్మకం లేదన్నమాట. స్లాబ్‌లో ఉన్నది కొన్నా సరే, లేబుల్ మీది సర్టిఫికెట్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి, ఫోటో ఉంటే పక్కన పెట్టి పోల్చండి, దొంగ స్లాబ్‌లు కూడా తిరుగుతున్నాయి.

మనవాళ్ళు ఎక్కువ పడేది ఇంకోటుంది, 1808 ఈస్టిండియా కంపెనీ 20 క్యాష్, 10 క్యాష్ రాగి నాణేలు (క్యాష్ అంటే అప్పటి మద్రాసు చిల్లర లెక్క). ఇవీ సోహోలో కొట్టినవే, మద్రాసుకి పంపిస్తుంటే 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ కెంట్ దగ్గర గుడ్విన్ శాండ్స్‌లో మునిగింది, ఆ నాణేల్ని 1980లలో పైకి తీశారు. ఎవరూ వాడలేదు కాబట్టి "అన్‌సర్క్యులేటెడ్" అని అమ్ముతారు, మాట నిజమే, కానీ ఉప్పునీళ్ళలో అన్నేళ్ళు నానిన రాగి అది, పైభాగం గరుగ్గా తినేసి ఉంటే ఎంఎస్ రేటు ఇవ్వకండి. ఊళ్ళో తాతయ్య పెట్టెలో ఇలాంటివి దొరికితే మాత్రం దయచేసి చింతపండు జోలికి పోవద్దు.

నిన్న రాత్రి చూస్తే అదే సెల్లర్, అదే నీలం గుడ్డ మీద, ఇంకో 1797 పెట్టాడు. "బహుశా ఎంఎస్ 65" అట, ధర 290.