పొలం డబ్బుకి సలహా: కొండాపూర్ ఆఫీసు ఎలా ఉందంటే

శంకర్‌పల్లి పొలం అమ్మాక నాకు నిద్ర కరువైంది. అర్ధరాత్రి లేచి బ్యాంకు మెసేజ్‌లో సున్నాలు లెక్కపెట్టుకునేవాణ్ని. నాన్న దున్నిన నేల అమ్ముకు తింటున్నానన్న బాధ ఒకటి. పలకరించని చుట్టాలు కూడా, '2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటిందట, నీకెంతొచ్చింది బావా?' అని ఫోన్లు.

ఈ కొండాపూర్ ఆఫీసులో సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్టర్డ్ పెట్టుబడి సలహాదారు మేడమ్ ఫీజే తీసుకుంటారు, కమిషన్ ఉండదు. మ్యూచువల్ ఫండ్ల ఊసెత్తకముందే, 'ఎవరికి కాదని చెప్పలేక టెన్షన్ పడుతున్నారు?' అని అడిగారు. మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది. ఒక్కో బ్యాంకులో డిపాజిట్ బీమా 5 లక్షల వరకేనని కూడా అప్పుడే తెలిసింది. అప్పు అడుగుతున్న బావమరిదికి ఏం చెప్పాలో కాగితం మీద రాయించారు. అదొక్కటే ఫీజుకి సరిపోయింది. పార్కింగ్ మాత్రం నరకం, వాట్సాప్‌కి జవాబు తొందరగా రాదు.