గేర్‌బాక్స్ దించేటప్పుడు ఇంజిన్‌కి ఆసరా: బీమ్, జాకీ, క్రేన్‌లలో ఏది మేలు?

పాత కారులో గేర్‌బాక్స్ దించాలన్నా, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పాలన్నా, ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగులు మార్చాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: అంతసేపూ ఇంజిన్ బరువు దేని మీద ఉంటుంది? చాలా వెనక చక్రాల డ్రైవ్ కార్లలో ఇంజిన్‌కి పక్కల రెండు మౌంటింగులే ఉంటాయి, మూడోది గేర్‌బాక్స్ కింద ఉంటుంది. అది ఊడగానే ఇంజిన్ వెనక్కి ఒరుగుతుంది. 1955లో వచ్చిన షెవర్లే స్మాల్‌బ్లాక్ వి8 ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వెనకే ఉంటుంది. ఇంజిన్ ఒరిగితే దాని క్యాప్ వెళ్లి ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడకి, కొట్టుకుంటుంది.

క్రేన్ సంగతి త్వరగా తేలిపోతుంది. ఇంజిన్ బయటికి రావాలంటే క్రేన్ ఉండాల్సిందే. బీమ్ అంటే ఇంజిన్ మీదుగా బాడీకి అడ్డంగా ఆనించి, ఇంజిన్‌ని గొలుసుతో వేలాడదీసే కడ్డీ; అది ఆ పని చేయలేదు. ఎంజీబీ లాంటి కార్లలో గేర్‌బాక్స్ కోసం కూడా మామూలుగా ఇంజిన్‌తో కలిపే బయటికి లాగుతారు, కాబట్టి అక్కడ బీమ్‌తో పనే లేదు. క్రేన్ చెయ్యి ఎంత పొడవు లాగితే అంత తక్కువ బరువు మోస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. 2 టన్నులని రాసి ఉన్న చాలా క్రేన్లు చివరి రంధ్రం దగ్గర మోసేది 500 కిలోలే.

జాకీ అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి చేయి ముందు దాని మీదికే పోతుంది. వెడల్పాటి చెక్క దిమ్మ పెట్టి, ఒక మౌంటింగు మార్చేంతసేపు వాడుకుంటే తప్పులేదు. దిమ్మ లేకుండా ఎత్తితే రేకు చాంబర్ లోపలికి సొట్టపోతుంది. అప్పుడు ఆయిల్ పీల్చే జాలీకీ చాంబర్ అడుగుకీ మధ్య సందు తగ్గి, ఆయిల్ సరిగా అందక బేరింగులు అరిగిపోతాయి. అల్యూమినియం చాంబర్ అయితే పగలనూవచ్చు. చాంబరే విప్పాల్సి వస్తే జాకీకి చోటే ఉండదు. పైగా హైడ్రాలిక్ జాకీ గంటల తరబడి అదే ఎత్తులో నిలుస్తుందని నమ్మలేం.

నా ఓటు బీమ్‌కే. జాకీ, క్రేన్ రెండూ నేల మీద నిలబడతాయి, బీమ్ మాత్రం బాడీ మీద కూర్చుంటుంది. మధ్యలో కారుని ఇంకాస్త ఎత్తాల్సి వచ్చిందనుకోండి, బీమ్‌కి వేలాడే ఇంజిన్ బాడీతో పాటే లేస్తుంది. క్రేన్‌కి వేలాడితే బాడీ లేచినా ఇంజిన్ ఉన్నచోటే ఉంటుంది, గొట్టాలూ మౌంటింగులూ సాగుతాయి. బీమ్ వాడితే కింద పడుకుని పనిచేసే చోటూ ఖాళీగా ఉంటుంది. గేర్‌బాక్స్ తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్ట్ క్లచ్ ప్లేట్ పళ్లలోకి దిగనని మొండికేస్తే, బీమ్ పైన మర నట్టు అర చుట్టు తిప్పి చూడండి. ఇంజిన్ వెనక భాగం రవ్వంత లేచినా, దిగినా చాలు, షాఫ్ట్ సర్రున జారుతుంది. జాకీ పిడితో అంత సన్నటి సర్దుబాటు కష్టం.

అయితే ఆ బరువంతా పడేది పాత రేకు మీద. బీమ్ పాదాలు బయటి ఫెండర్ అంచు మీద కాదు, లోపలి ఫెండర్ గాడిలో, వీలైతే సస్పెన్షన్ టవర్‌కి దగ్గరగా ఆనాలి. ముందే స్క్రూడ్రైవర్ కొనతో గాడిని పొడిచి చూడండి. పెయింట్ కింద పొరలు పొరలుగా తుప్పు రాలితే అక్కడ బీమ్ పెట్టకూడదు. గొలుసు తగిలించాల్సింది హెడ్‌కి కంపెనీ ఇచ్చిన కొక్కేలకే. అవి లేకపోతే 8.8 గ్రేడ్ బోల్టు మర పూర్తిగా పట్టేదాకా బిగించి దానికి తగిలించండి. వాల్వ్ కవర్ స్టడ్‌లకీ, ఆల్టర్నేటర్ బ్రాకెట్‌కీ తగిలించొద్దు. ఫ్యాన్ రేడియేటర్‌కి తగలకుండా ఓ కన్నేసి ఉంచండి.

కొన్ని కార్లలో బీమ్ పాదాలు ఆనడానికి గాడే ఉండదు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, జాగ్వార్ ఈ-టైప్ కార్లకి ఫెండర్లతో సహా ముందు భాగమంతా బానెట్‌తోనే లేచిపోతుంది. స్పిట్‌ఫైర్‌లోనైతే గేర్‌బాక్స్ కింది నుంచి కాదు, కారు లోపల గేర్‌బాక్స్ మీద ఉండే టన్నెల్ కవర్ విప్పి సీట్ల వైపు నుంచే వస్తుంది. దానికి చాంబర్ వెనక అంచు కింద చెక్క దిమ్మతో జాకీ పెట్టుకోవడమే దారి.