రోగ్ క్యాంప్ నుంచి హారోగాత్ దాకా: ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, ఎట్లా బతకాలి

రాక్షసులను చంపుకుంటూ ఊరి తర్వాత ఊరు దాటే కంప్యూటర్ ఆట డయాబ్లో 2 ఆడటం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ముందు అడిగేది "ఏ స్కిల్ వేస్తే ఎక్కువ దెబ్బ పడుతుంది" అని. నన్నడిగితే ఆ ప్రశ్న తర్వాత చూసుకోవచ్చు. ఈ ఆటలో బతికేదీ చచ్చేదీ ఊళ్లోంచి బయటికి అడుగుపెట్టక ముందే తేలిపోతుంది. పోషన్లు (తాగే మందులు) పెట్టుకునే బెల్టులో ఏముంది, రెసిస్టెన్సులు (నిప్పు, చలి, మెరుపు, విషం దెబ్బను ఆపే శక్తి) ఎంతున్నాయి, వెంట ఎవరిని తీసుకుపోతున్నారు, తిరిగి రావడానికి పోర్టల్ (ఊళ్లోకి తెరుచుకునే మాయదారి) ఉందా. ఇవన్నీ సరిగ్గా చూసుకున్నవాళ్లు మామూలు కత్తితో కూడా దాటేస్తారు. ఎండాకాలం సెలవుల్లో మా బామ్మర్ది జమ్మికుంట నుంచి, మా దోస్తు వాళ్ల తమ్ముడు కాజీపేట నుంచి హనుమకొండ వచ్చి నాతో కలిసి నార్మల్ (మూడు కష్టపు స్థాయిల్లో మొదటిది, తర్వాత నైట్‌మేర్, హెల్) మొత్తం ఆడారు. ఇద్దరికీ ఇది కొత్త. ఐదు ఊళ్లూ దగ్గరుండి తిప్పాను కాబట్టి ఏ ఊరు ఎట్లుంది, ఎక్కడ ఎవరితో ఏం పని చేయించుకోవాలో రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుంది.

ముందు మేము కూర్చున్న చోటు గురించి చెప్పాలి, ఎందుకంటే అదీ ముఖ్యమే. 2000లో వచ్చిన పాత ఆటలో లాన్ మీద, అంటే నెట్ లేకుండా పక్కపక్క కంప్యూటర్లను కలిపి, ఆడుకునే వీలుండేది. 2021లో వచ్చిన దాని కొత్త రూపం రిసరెక్టెడ్‌లో దాన్ని తీసేశారు. ముగ్గురూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నా సరే, కంపెనీ ఆన్‌లైన్ సర్వర్ బ్యాటిల్‌నెట్‌లోకి వెళ్లే కలవాలి, అంటే నెట్ బాగుంటేనే ఆట. కాజీపేట స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకుని చూశాం. గది శుభ్రంగానే ఉంది, ఏసీ కూడా బాగానే పనిచేసింది, కానీ వైఫై సాయంత్రం అయ్యేసరికి నీరసపడిపోయేది. ఫోన్ హాట్‌స్పాటే దానికన్నా నయం అనిపించింది. చౌరస్తా వైపు ఒక నెట్ సెంటర్‌లో కంప్యూటర్లు మంచివి, కుర్చీలు మంచివి, అయితే రాత్రి త్వరగా మూసేస్తారు, ఈ ఆట ఆడేవాళ్లకు అసలు పొద్దు మొదలయ్యేదే అప్పుడు. చివరికి మా ఇంట్లోనే పెట్టుకున్నాం. రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలపండి, ల్యాప్‌టాప్‌లైతే కరెంటు పోయినా నడుస్తాయి. అత్తమ్మ పంపిన సర్వపిండి డబ్బా పక్కనుంటే ఇంక లేవాల్సిన పని లేదు.

ఇంకో మాట ముందే అనుకోవాలి. ఈ ఆటలో కిందపడిన సామాను ఎవరు ముందు నొక్కితే వాళ్లదే. ఎవరి వాటా వాళ్లకు విడిగా పడదు. రూన్లు (కవచాల్లో, ఆయుధాల్లో పొదిగే మంత్రపు రాళ్లు), జెమ్స్ అన్నీ ఊళ్లో సామాను దాచుకునే పెట్టె, అంటే ఒకళ్ల స్టాష్‌లో వేసి, ఎవరికి ఏది కావాలో ఊళ్లోకి వచ్చాక పంచుకోవాలని మేము మొదటి రాత్రే ఒప్పందం చేసుకున్నాం. ఈ ఒప్పందం లేకుండా దోస్తులతో ఆడితే దోస్తానా పాడవుతుంది, నిజంగా చెబుతున్నా.

రోగ్ క్యాంప్. చూడ్డానికి నాలుగు డేరాలు, ఒక మంట, చుట్టూ కట్టెల కంచె, అంతే. కానీ నాకు ఐదింట్లోనూ ఎక్కువ గౌరవం ఉన్న చోటు ఇదే, ఎందుకంటే బీదవాడి అవసరాలన్నీ ఇక్కడ తీరతాయి. అకారాతో మాట్లాడితే చాలు, పైసా లేకుండా ఒంట్లో ప్రాణం నిండిపోతుంది, విషం ఎక్కినా దిగిపోతుంది. కొత్తవాళ్లు ఇది తెలియక ఊళ్లో నిలబడి పోషన్లు తాగేస్తుంటారు. బ్లడ్ రేవెన్‌ను చంపి వస్తే కాష్యా ఒక విలుకత్తెను ఉచితంగా ఇస్తుంది, వద్దనకండి, దూరం నుంచి బాణాలు వేస్తూ మీ మీద పడే గుంపును కొంత తగ్గిస్తుంది. ట్రిస్ట్రామ్‌కు వెళ్లి డెకర్డ్ కెయిన్‌ను విడిపించడం అసలు వదలొద్దు. మీరు విడిపిస్తే ఆ పెద్దాయన గుణాలు తెలియకుండా దొరికే మీ సామాను మొత్తం ఉచితంగా గుర్తుపట్టి చెబుతాడు, లేదంటే తర్వాత ఆయన వచ్చినా డబ్బు తీసుకుంటాడు.

గీడ్ దగ్గర జూదం ఆడే సదుపాయం ఉంది. మొదట్లో ఆ జోలికి పోకండి. ఆ బంగారంతో కమ్మరి చార్సీ దగ్గర రెండు సాకెట్ల (రూన్లు పొదిగే రంధ్రాల) కవచం వెతకండి, బూడిద రంగు పేరుతో ఉంటుంది. నీలం రంగు మ్యాజిక్ సామానులో రూన్‌వర్డ్ (సరైన వరుసలో రూన్లు పెడితే వచ్చే శక్తి) పనిచేయదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. బ్లాక్ మార్ష్‌లో ఉన్న ఫర్గాటెన్ టవర్ అడుగున కౌంటెస్ ఉంటుంది. ఆమెను చంపితే రూన్లు పడతాయి, నార్మల్‌లో రాల్ దాకా వస్తాయి. టాల్, ఎత్ రెండూ చేతికొచ్చే దాకా ఆ టవర్ ఎక్కి దిగుతూ ఉండటమే. ఆ కవచంలో ముందు టాల్, తర్వాత ఎత్ పెడితే స్టెల్త్ అవుతుంది, 17వ లెవెల్‌కు తొడుక్కోవచ్చు. పరుగు, మంత్రం వేసే వేగం, దెబ్బ తిన్నాక తేరుకునే వేగం మూడూ 25 శాతం చొప్పున పెరుగుతాయి, విషాన్ని 30 శాతం ఆపుతుంది. మా బామ్మర్ది ఆడే మంత్రగత్తె పాత్ర సార్సరెస్‌కు అది తొడిగాక ఆట తీరే మారిపోయింది. "బావా, గిదే ముందు చెప్తే అయిపోవు కదా" అన్నాడు. చెప్పాను, కౌంటెస్ దగ్గర విసుగొచ్చి వినలేదంతే.

పోషన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎర్ర పోషన్ మెల్లగా పనిచేస్తుంది, తాగగానే ప్రాణం నిండదు. ఊదా రంగు రెజువనేషన్ తాగిన క్షణంలోనే పనిచేస్తుంది, చిన్నదైతే 35 శాతం, పెద్దదైతే మొత్తం. అది ఏ అంగట్లోనూ అమ్మరు, దారిలో పడితే ఏరుకోవాలి. హొరాడ్రిక్ క్యూబ్ (సామాను కలిపే పెట్టె) దొరికాక చిన్నవి మూడు కలిపితే పెద్దది ఒకటి వస్తుంది. బెల్టులో ఒక నిలువు వరుస ఎప్పుడూ దానికే ఉంచండి. బెల్టు కూడా మంచిది కొనండి, నాలుగు వరుసల బెల్టులో 16 పోషన్లు పడతాయి. కొత్తవాళ్లు కత్తి మీద పెట్టే ఖర్చులో సగం బెల్టు మీద పెట్టరు.

వారివ్ బండ్ల వెంట తూర్పుకు పోతే లుట్ గోలీన్. ఎడారి పక్కన ఓడరేవు, చుట్టూ గోడ, లోపల రాజమహల్. అందమైన ఊరు, కాస్త ఎక్కువ నడిపిస్తుంది కూడా. ఫారా దగ్గర వైద్యం, రిపేరు రెండూ ఒకేచోట అయిపోతాయి, అది పెద్ద సుఖం. ఈ ఊరికి రావడానికి అసలు కారణం గ్రైజ్. ఈటె పట్టుకున్న ఎడారి మనుషులను కూలికి ఇచ్చేది ఇతనే, ఆట చివరిదాకా నిలబడే తోడు వీళ్లే. ఇట్లా కూలికి వచ్చే మెర్సినరీకి ఆయుధం, కవచం, టోపీ మూడూ మనమే పెట్టాలి. చాలామంది ఉత్త చేతులతో పంపి, "వీడు ఊకె చస్తున్నడు" అని తిడతారు. మీరు పక్కన పెట్టేసిన మంచి కవచాన్ని వాడికి తొడగండి, షిఫ్ట్ పట్టుకుని పోషన్ నొక్కితే వాడికీ తాగించొచ్చు. చనిపోతే బంగారం ఇచ్చి మళ్లీ లేపుకోవచ్చు, లెవెల్ పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది.

ఎడారిలో పెద్ద పురుగులుంటాయి, కొట్టిన ప్రతిసారీ ఒంట్లోంచి మెరుపులు వదులుతాయి. దగ్గరికెళ్లి వేగంగా కొట్టేవాళ్లు వాటి వల్లే చస్తారు. ఆ మెరుపుల్లో నిలబడకుండా ఒక దెబ్బ కొట్టి పక్కకు జరగాలి. ఇక ఇక్కడి చివరి పెద్ద రాక్షసుడు డ్యూరియల్. టాల్ రాషా గుహలో చిన్న గది, లోపలికి వెళ్లగానే మీద పడతాడు, పరిగెత్తే చోటు లేదు, వాడి చలికి కాళ్లు కదలవు. కాజీపేట తమ్ముడి బార్బేరియన్ అక్కడ రెప్పపాటులో పడిపోయాడు. "అన్నా, గది లోడ్ అయ్యేసరికే సచ్చిపోయిన" అన్నాడు. మందు లైసాండర్ దగ్గరుంది, థాయింగ్ పోషన్. ఒకటి తాగితే 30 సెకన్లపాటు చలి రెసిస్టెన్స్ 50 పెరుగుతుంది, దాని గరిష్ఠ పరిమితి కూడా 10 పెరుగుతుంది. వరసగా నాలుగైదు తాగితే సమయం కలుస్తూ పోతుంది. ధర కూడా తక్కువే. వాటిని తాగి, మెర్సినరీకి కూడా తాగించి, లోపలికెళ్లిన వెంటనే పోర్టల్ తెరిచి పెట్టుకుంటే ఆ తమ్ముడే వాడిని నింపాదిగా కొట్టాడు.

మెషిఫ్ ఓడలో కురాస్ట్ డాక్స్‌కు దిగగానే నా ఉత్సాహం సగం తగ్గుతుంది. ఊరు మొత్తం నీళ్ల మీద చెక్కల వంతెనలు, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పోవాలంటే చుట్టూ తిరగాల్సిందే, ఆల్కోర్ గుడిసె అయితే ఒక మూలకు విసిరేసినట్టు ఉంటుంది. సామాను అమ్ముకుని రావడానికే విసుగు పుడుతుంది. సేవల విషయంలో నా మార్కులు తక్కువే. కానీ రెండు పనులు చేయకుండా దాటొద్దు. గోల్డెన్ బర్డ్ పని పూర్తిచేస్తే ఆల్కోర్ ఇచ్చే మందుతో ప్రాణం శాశ్వతంగా 20 పెరుగుతుంది. లామ్ ఎసెన్ పుస్తకం తెచ్చిస్తే 5 స్టాట్ పాయింట్లు. అడవిలో చిన్న చిన్న ఫెటిష్‌ల గుంపు వస్తే వాటితో కొట్లాడుతూ ఉండకండి, వెనకాల నిలబడి చచ్చినవాటిని లేపే షామన్‌ను ముందు చంపండి. ట్రావింకల్‌లో కౌన్సిల్ వాళ్లు వేసే హైడ్రాల (నిప్పు ఉమ్మే పాము తలల) నిప్పు గట్టిగా తగులుతుంది, గుంపు మొత్తాన్ని ఒకేసారి లేపకుండా ఒకరిద్దరిని బయటికి లాగి కొట్టడం మంచిది.

పాండెమోనియం ఫోర్ట్రెస్‌లో దిగాక మా బామ్మర్ది "గిది మంచిగుంది బావా" అన్నాడు, నా మాట కూడా అదే. చిన్న కోట, నాలుగడుగుల్లో స్టాష్, వేపాయింట్ (దూరపు చోట్లకు చేర్చే మాయ పీఠం), వైద్యానికి జమెల్లా, రిపేరుకు హాల్బు, కెయిన్, టైరియల్. సదుపాయంలో మొదటి ర్యాంకు దీనికే. ఇజువల్‌ను చంపి వస్తే టైరియల్ రెండు స్కిల్ పాయింట్లు ఇస్తాడు. హెల్‌ఫోర్జ్‌లో కురాస్ట్ చివర చంపిన మెఫిస్టో రాయి పగలగొడితే నార్మల్‌లో ఎల్ నుంచి ఆమ్న్ దాకా ఏదో ఒక రూన్, కొన్ని జెమ్స్ వస్తాయి. మాకు థుల్ వచ్చింది, దాచుకున్నాం. ఇక్కడి చివరి పెద్ద రాక్షసుడు డయాబ్లో వదిలే ఎర్ర మెరుపు ధారకు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, ముగ్గురుంటే మూడు వైపుల నిలబడాలి, అప్పుడు ధార ఒకరి మీదే పడుతుంది, మిగతా ఇద్దరూ కొట్టొచ్చు. మేము అట్లానే చేశాం.

చచ్చిపోయినప్పుడు ఏం చేయాలో కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే డయాబ్లో ఉండే కేయాస్ శాంక్చురీలోనే అందరూ ఎక్కువగా చస్తారు. శవం, దాని మీదున్న సామాను అక్కడే పడి ఉంటాయి, మనం ఊళ్లో ఉత్త ఒంటితో లేస్తాం. శవం చుట్టూ గుంపు ఉంటే ఖాళీ చేతులతో పరిగెత్తి మళ్లీ చావకండి. ఆట నుంచి బయటికొచ్చి కొత్త ఆటలోకి వెళ్తే శవం ఊళ్లోనే కనిపిస్తుంది. నార్మల్‌లో చావుకు అనుభవం (లెవెల్ పెంచే పాయింట్లు) తగ్గదు కాబట్టి ఇందులో పెద్ద నష్టం లేదు. నైట్‌మేర్‌లో 5 శాతం, హెల్‌లో 10 శాతం పోతుంది, అక్కడ అదే ఆటలో శవాన్ని తీసుకుంటేనే పోయినదాంట్లో ఎక్కువ భాగం తిరిగొస్తుంది, అప్పుడు ఆలోచించుకుని బయటికి రావాలి.

హారోగాత్. మంచు కొండ మీది ఊరు. 2001లో వచ్చిన అదనపు భాగం లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్‌తో కలిసింది. నడక ఎక్కువ లేదు, మాలా వైద్యం, లార్జుక్ రిపేరు దగ్గర్లోనే. అసలు విలువ ఇక్కడ చేసిన పనికి దొరికే ప్రతిఫలంలో ఉంది. షెంక్‌ను చంపితే లార్జుక్ మీరిచ్చిన ఒక వస్తువుకు సాకెట్లు వేసిస్తాడు. కొండ మీద బంధించిన 15 మంది సైనికులను విడిపిస్తే క్వాల్‌కెక్ టాల్, రాల్, ఆర్ట్ మూడు రూన్లు ఇస్తాడు. ఈ మూడింటినీ విడివిడిగా వాడేయకండి, దయచేసి. మూడు సాకెట్ల డాలులో రాల్, ఆర్ట్, టాల్ వరుసలో పెడితే ఏన్షియంట్స్ ప్లెడ్జ్ అవుతుంది, నాలుగు రెసిస్టెన్సులూ ఒక్క డాలుతోనే 40 దాటి పెరుగుతాయి. ఆన్యాను మంచులోంచి విడిపిస్తే మాలా ఇచ్చే కాగితంతో అన్ని రెసిస్టెన్సులూ శాశ్వతంగా 10 పెరుగుతాయి. ఇవన్నీ ఎందుకంత ముఖ్యమంటే, నార్మల్ దాటి నైట్‌మేర్‌లో అడుగుపెట్టగానే ప్రతి రెసిస్టెన్స్ నుంచీ 40 కోత పడుతుంది, హెల్‌లో 100. ఈ లెక్క తెలియకుండా దెబ్బ ఎక్కువున్న కత్తి ఒక్కదాన్నే చూసుకుని పోయినవాళ్లు నైట్‌మేర్‌లో మొదటి మెరుపుకే పడిపోతారు.

కొండ శిఖరం మీద కాపలా ఉండే ఏన్షియంట్స్ ముగ్గురితో పోరాటం మధ్యలో ఊళ్లోకి పారిపోతే వాళ్లు మళ్లీ రాతి బొమ్మలై మొదటికొస్తారు, కాబట్టి పోషన్లు నింపుకుని, మెర్సినరీని లేపుకుని, సామాను రిపేరు చేసుకున్నాకే ఆ పీఠాన్ని ముట్టుకోవాలి.

ఆట చివరి రాక్షసుడు బేయల్ అయ్యాక ఇద్దరూ వాళ్ల వాళ్ల ఊళ్లకు వెళ్లిపోయారు, దసరా సెలవులకు నైట్‌మేర్ అనుకున్నాం. అప్పటిదాకా ఎవరింట్లో వాళ్లు ఆన్యా తెరిచే ఎర్ర పోర్టల్‌లోంచి పిండిల్‌స్కిన్ అనే రాక్షసుడి దగ్గరికి పోయి సామాను పోగుచేస్తున్నారు. దారి తక్కువ, పని తొందరగా అవుతుంది. బామ్మర్దికి ఒకటే చెప్పాను, నైట్‌మేర్‌లో లుట్ గోలీన్ చేరగానే పాత మనిషిని పంపించేసి గ్రైజ్ దగ్గర డిఫెన్సివ్ రకం తీసుకోమని. హోలీ ఫ్రీజ్ వేసేది అతనే, చుట్టూ ఉన్న గుంపు మొత్తం నెమ్మదిస్తుంది. అక్కడి కౌంటెస్ దగ్గర సోల్ రూన్ పడితే రాల్, టిర్, టాల్, సోల్ వరుసలో పొడవు కర్ర ఉన్న ఆయుధం, నాలుగు సాకెట్ల పోల్‌ఆర్మ్‌లో పెట్టి అతని చేతికిస్తే ఇన్‌సైట్ అవుతుంది, సార్సరెస్‌కు మనా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) కొరత తీరిపోతుంది. నాలుగు సాకెట్ల పోల్‌ఆర్మ్ నా స్టాష్‌లో ఒకటి ఉంది, అది వాడికోసమే ఉంచాను.