కాలుల రాడ్డు, చేతిల ఫైలు: నాలుగేండ్ల పరిహారం కేసు

హన్మకొండ చౌరస్తా దగ్గర నాది టైలర్ షాపు. 2021ల ములుగు రోడ్డు మీద డీసీఎం వ్యాను గుద్దితే కుడికాలు బొక్క రెండు చోట్ల ఇరిగింది. పరిహారానికి అదాలత్ సెంటర్ కాడి కోర్టుల కేసు వేసిన. పైసలు చేతికొచ్చేసరికి నాలుగేండ్లు. ఐదుకు మూడు మార్కులిస్త.

ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు వకీలే తెచ్చిండు. దవాఖాన బిల్లులు నా పని. మందుల షాపోడు తెల్ల కాగితం మీద రాసిచ్చిన చిట్టీలన్నీ కొట్టేసిండ్రు. ఆటో కిరాయికి రశీదు ఎవడిస్తడు?

ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను సాక్ష్యానికి రప్పించుడుకే ఐదు వాయిదాలు. ఆయన వైకల్యం 35 శాతం అని రాసిండు, కానీ అది ఒక్క కాలికి. సంపాదన ఎంత పడిపోయిందన్నది వేరే లెక్క. 2010ల రాజ్‌కుమార్ కేసుల సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పిందని వకీలు వాదించిండు.

అసలు పరీక్ష క్రాస్ ఎగ్జామినేషన్ల. ఇన్సూరెన్స్ వకీలు లేచి, "మిషన్‌కు మోటర్ పెట్టుకున్నవు గదా?" అన్నడు. అవునన్న. "ఇగ కాలుతోని పనేంది?"

"మోటర్‌కు గూడ పెడల్ ఉంటది సార్. పాదం ఒత్తి పట్టాలె. గంట ఒత్తితే మడమ గుంజుతది. రెండు జాకెట్లు కుట్టేకాడ ఒక్కటి కుడుతున్న" అన్న. రాసుకుంటున్న జడ్జి తలెత్తి చూసిండు. తీర్పుల సంపాదన నష్టం 20 శాతం అని కట్టింది అక్కడ్నే వచ్చిందని నా నమ్మకం.

వయసు 38, గుణకం 15, అంటే ఏడాది నష్టాన్ని వయసును బట్టి గుణించే అంకె. ఆదాయానికి రుజువు చూపలేకపోయిన. పెండ్లిళ్ల సీజన్ల 25 వేలు చూసేటోన్ని, కోర్టుల నా ఆదాయం నెలకు 9,000 అని లెక్క కట్టిండ్రు. ఐటీ రిటర్న్ వేసుకోకపోవుడు నా తప్పే.

నడుమ లోక్ అదాలత్‌ల, అంటే రాజీ కాడ, ఇన్సూరెన్సోళ్లు రెండు లక్షలిస్తమన్నరు. మా ఇంటామె తీసుకొమ్మన్నది, నేను ఇనలే. తీర్పుల పిటిషన్ వేసిన రోజు నుంచి 7.5 శాతం వడ్డీతోని ఆరు లక్షల పైన వచ్చింది. అయితే అందరు నాలెక్క ఆగలేరు. ఇంట్ల పొయ్యి ఆగితే రెండు లక్షలే నయం.

ఇంకోటి, 2022 ఏప్రిల్ నుంచి చట్టంల పరిహారం కేసు వేసేటందుకు ఆరు నెలల గడువు పెట్టిండ్రు. కట్టు విప్పినంక చూద్దామనుకుంటే ఆలస్యమైతది.

వచ్చిన దాంట్ల సగం కోర్టోళ్లు బ్యాంకు ఎఫ్‌డీల వేయించిండ్రు. రాడ్డు తీయించుకోవాల్నని పైసలడిగితే దానికి మళ్ల పిటిషన్. వాయిదా దసరా ఎల్లినంక.